ఆరీ అప్: మంద్రముపై లేచిన అల్లరి గొంతు

1979వ సంవత్సరము సెప్టెంబరు మాసమున లండను నగరములోని గ్రామఫోను రికార్డుల దుకాణములకు ఒక క్రొత్త ఆల్బము వచ్చినది. దాని అట్టమీద గులాబీతీగెలు ప్రాకిన ఒక పల్లెటింటి గోడ. ఆ గోడముందు ముగ్గురు యువతులు. నడుమునకు గుడ్డపేలికలు చుట్టుకొని, తక్కిన ఒడలంతయు బురద పూసికొని, చూచువారి కన్నులలోనికి సూటిగా చూచుచు నిలిచియుందురు. ఆ చూపులో ఆహ్వానము లేదు, సిగ్గును లేదు. ఆ చిత్రమును గూర్చి జరిగిన రభస పలుమారులు అట్టలోపలి పాటలను మరుగుపరచినది. ఆల్బము పేరు 'కట్'. వాద్యబృందము పేరు 'ది స్లిట్స్'. అందు ప్రధానముగా పాడిన పిల్ల ఆరీ అప్. పిల్ల యనుటలో పొరపాటు లేదు. అప్పటికామెకు పదునేడేండ్లు, బృందములో చేరిననాటికి పదునాలుగు.

ఆమె అసలు పేరు ఆరియానె డానియేలా ఫోర్స్టర్. 1962వ సంవత్సరము జనవరి 17వ తేదీన జర్మనీలోని మ్యూనిక్ నగరమున జన్మించెను. తండ్రి ఫ్రాంక్ ఫోర్స్టర్ జర్మను జనరంజక గీతములు పాడు గాయకుడు. తల్లి నోరా సంపన్నుల బిడ్డ. నోరా తండ్రి బెర్లిను నగరపు దినపత్రిక 'డెర్ టాగెస్‌ష్పీగెల్' ప్రచురణకర్తలలో నొకడు. కాని నోరాకు ఆ సంపన్నగృహముల మర్యాదలకంటె సంగీతకారుల సాంగత్యమే ప్రియము. జర్మనీలో కచేరీలు ఏర్పాటుచేయు వ్యవహారములలో తిరిగి, జిమీ హెండ్రిక్సు వంటివారితో పరిచయము గడించినది. భర్తతో వియోగము కలిగిన పిమ్మట కూతును వెంటబెట్టుకొని లండను చేరి, అక్కడనే స్థిరపడినది.

ఆ తల్లి ఇంటి తలుపు సంగీతకారుల కెప్పుడును తెరచియుండెడిది. నిలువ నీడలేని కుర్రవాద్యకారులు అచ్చట తినుటయు, పరుండుటయు, వాదులాడుకొనుటయు నిత్యకృత్యము. క్లాష్ అను బృందమునకు నాయకుడైన జో స్ట్రమ్మర్ ఆ ఇంటి పిల్లకు గిటారుపై మొదటి పాఠములు చెప్పెను. ఈ విధముగా ఆరీ బాల్యము బడిలో కొంత, వాద్యముల నడుమ కొంత గడచినది. బడిలో గడచిన భాగమే తక్కువ.

ఆనాటి ఇంగ్లండు పరిస్థితిని కొంచెము చెప్పవలసియున్నది. 1970వ దశకము నడిమి సంవత్సరములలో ఆ దేశమున ధరలు మండిపోవుచుండెను. చదువు ముగించిన యువకులకు పనులు దొరకుట దుర్లభమయ్యెను. రాక్ సంగీతమన్ననో, పుట్టి ఇరువదేండ్లు దాటి, ధనవంతుల వినోదముగా మారియుండెను. లారీలకొలది యంత్రములు, అరగంటసేపు సాగు వాద్య విన్యాసములు, దూరమునుండి చీమలవలె కనబడు గాయకులు. దానికి విరోధముగా లేచినది పంక్ అను ఉద్యమము. పంక్ అనగా పనికిమాలినవాడని అర్థము వచ్చు తిట్టుమాట. ఆ తిట్టునే వారు బిరుదుగా ధరించిరి. మూడు స్వరమేళములు తెలిసినచో చాలును, వేదిక ఎక్కవచ్చునని వారి సిద్ధాంతము. గురుకుల క్లిష్టత నెరిగిన మనకు ఈ సిద్ధాంతము మింగుడుపడదు. అయినను అది తెరచిన తలుపు గుండా, అంతకుముందు ఎవరును లోనికి రానీయనివారు కొందరు వచ్చిరని ఒప్పుకొనవలెను.

వారిలో స్త్రీలు ముఖ్యులు. ఆడువారే కూడి రాక్ బృందముగా ఏర్పడుట స్లిట్స్‌తోనే మొదలు కాలేదు. అమెరికాలో ఫానీ అను బృందము 1970లోనే పెద్ద కంపెనీ ద్వారా ఆల్బము వెలువరించినది. 1976లో రన్అవేస్ అను బాలికల బృందము పేరు పొందినది. అయితే వారు పురుషులు తీర్చిన రాక్ శైలినే తామును సమర్థముగా వాయింపగలమని నిరూపించిరి. అది సామాన్యమైన పని కాదు. కాని ఆ శైలియే వేరుగా ఉండరాదా యను ప్రశ్న మిగిలిపోయినది. ఆ ప్రశ్నకు సమాధానము చెప్పుటకు సంగీతము బొత్తిగా రాని నలుగురు కావలసివచ్చిరి.

1976లో అమెరికా గాయని ప్యాటీ స్మిత్ లండను వచ్చి కచేరీ చేసినప్పుడు ఆరీ తల్లితో కలిసి పోయెను. అక్కడ ఏదియో పంతముపట్టి తల్లిపై అరచి గోల చేయుచుండగా, పలోమా రొమేరో అను స్పెయిను దేశపు యువతి ఆ దృశ్యమును చూచి, తాను తలపెట్టిన బృందమునకు గాయని దొరకినదని నిశ్చయించుకొన్నదట. ఎవరైనను ఆ పిల్లకు రెండు తగిలింపవలెననుకొను చోట, ఆమె ఆ గొంతుకను మాత్రమే విన్నది. పలోమా పేరును వేళాకోళముగా మార్చి, క్లాష్ బృందపు వాద్యకారుడొకడు పామాలివ్ అని సబ్బు పేరుతో పిలువగా, అదియే ఆమెకు స్థిరపడిపోయినది. ఆమె డ్రమ్ములు వాయించును. తొలుత చేరిన ఇరువురు త్వరలోనే విడిపోగా, బేస్ గిటారునకు టెస్సా పాలిట్, గిటారునకు వివ్ ఆల్బర్టీన్ వచ్చిరి. టెస్సా ఆ వాద్యమును చేతబట్టి అప్పటికి కొలది వారములే. వివ్ తన అవ్వ విడిచిపోయిన సొమ్ముతో గిటారు కొనుక్కొన్న చిత్రకళా విద్యార్థిని. బృందమునకు పెట్టుకొన్న 'స్లిట్స్' అను పేరునకు చీలికలని అర్థము. దానికి మరియొక మోటు అర్థమును గలదు. అది తెలిసియే పెట్టుకొనిరి.

1977 మార్చి 11వ తేదీన లండనులోని హార్లెస్‌డెన్ పేటయందు, క్లాష్ కచేరీకి ముందు వీరు తొలిసారి వేదిక ఎక్కిరి. ఆరీకి పదునైదేండ్లు. వాద్యములు ఒకదాని నొకటి పట్టుకొనలేక పరుగెత్తెను. పాట ఒకవైపు, డ్రమ్ములు మరియొకవైపు. అయినను ఆ సభలో నున్నవారు మరువలేని దొకటి జరిగినది. అంతవరకు వేదికపై నున్న స్త్రీ, చూచువారి మెప్పునకై నిలుచునది. ఈ పిల్ల ఎవరి మెప్పును కోరలేదు. జుట్టు చిందరవందర, బట్టలు ఒకదానిపై నొకటి, పైదుస్తులపై లోదుస్తులు, గంతులు, కేకలు, నవ్వులు. తన యింటి పెరటిలో ఆడుకొనునట్లు ఆడినది.

అదే సంవత్సరము మే నెలలో క్లాష్‌తో కలిసి దేశమంతట పర్యటించిరి. ఆ యాత్రలోని కష్టములు వినదగినవి. బస్సు నడుపువానికి అదనముగా కొంత ముట్టజెప్పినగాని వీరిని ఎక్కనిచ్చుట లేదు. హోటళ్లలో గదులు నిరాకరించిరి. వెంటనున్న మగపిల్లలు అంతకంటె తక్కువ అల్లరివారు కారు. అయినను వారిపై లేని అభ్యంతరము వీరిపై వచ్చినది. లండను వీధులలో వారి వేషము చూచి ఉమ్మినవారును, కొట్టవచ్చినవారును కలరు. ఒకమారు ఎవడో వెనుకనుండి వచ్చి ఆరీని కత్తితో గాయపరచెను. ఒంటిపై నున్న దట్టమైన బట్టల మూలమున ప్రమాదము తప్పినది. పదునైదు పదునారేండ్ల పిల్ల, తన ఇష్టము వచ్చినట్లు దుస్తులు ధరించినందుకు చెల్లించిన మూల్య మది. డెరెక్ జార్మన్ 1978లో తీసిన 'జూబిలీ' చిత్రములో వీరు వీధిముఠాగా కనబడి ఒక కారును పగులగొట్టుదురు. తెరమీద కారు పగిలినది. వీధిలో గాయపడిన వారు వీరే.

అప్పటి పంక్ బృందములలో పేరున్నవి కొన్ని 1977లోనే ఆల్బములు చేసికొన్నవి. స్లిట్స్ మాత్రము రెండేండ్లకు పైగా ఆగవలసివచ్చెను. బీ.బీ.సీ. రేడియోలో జాన్ పీల్ నిర్వహించు కార్యక్రమమునకై 1977లోను 1978లోను పాడిన పాటలే ఆ కాలమునకు మిగిలిన సాక్ష్యము. అందులో ఉన్నది ఉరుములవంటి ధ్వని, వేగము, కోపము. ఒకవేళ అప్పుడే ఆల్బము చేసియున్నచో అది ఆనాటి అనేక పంక్ రికార్డులలో నొకటిగా నిలిచెడిది. ఈ ఆలస్యమే వారికి మేలు చేసినదని తోచును. ఆ రెండేండ్లలో వారు వాయించుట నేర్చుకొనిరి. అంతకంటె ముఖ్యముగా, వినుట నేర్చుకొనిరి.

వారు విన్నది రెగే సంగీతము. 1977 తొలి నెలలలో లండనులోని రాక్సీ అను క్లబ్బులో పంక్ బృందములు పాడుచుండెడివి. రెండు కచేరీల నడుమ రికార్డులు వేయువాడు డాన్ లెట్స్. జమైకానుండి వలసవచ్చిన కుటుంబమువాడు. వేయుటకు పంక్ రికార్డులు అప్పటికింకను తగినన్ని లేవు. అందుచే తన యింటి రెగే రికార్డులు తెచ్చి వేసెను. తెల్లపిల్లలు అవి విని ముగ్ధులైరి. వారిలో ఆరీ వలె మునిగినవారు అరుదు. నల్లవారి నృత్యశాలలకు పోయి, ఎత్తైన ధ్వనిపేటికల ముందు రాత్రులు గడపి, ఆ నడకను ఒంటికి పట్టించుకొనెను.

ఆ సంగీతపు గుట్టును మన పరిభాషలో చెప్పుకొనవచ్చును. శ్రుతిని తల్లిగాను, లయను తండ్రిగాను భావించుట మన సంప్రదాయము. రెగేలో లయకే పెద్దపీట. రాక్ సంగీతము దెబ్బపై దెబ్బ వేయుచు ముందుకు ఉరుకును. రెగేలో ఆవృత్తపు తొలిదెబ్బ తరచు ఖాళీగా విడువబడును. డ్రమ్ము బరువు మూడవ దెబ్బపై పడును. గిటారు దెబ్బమీద గాక, దెబ్బకును దెబ్బకును నడుమ నున్న సందులో చిటికె వేసినట్లు పలుకును. ఇక పాటను మోయునది బేస్ గిటారు. మంద్రస్థాయిలో నెమ్మదిగా ఊగుచు, మన మృదంగపు ఎడమవైపు గుమికివలె కడుపులో వినబడును. ఎవడైనను ఖాళీని చూచి భయపడి నింపజూచును. ఆ ఖాళీనే వాద్యముగా వాడుకొనుట ఆ సంగీతపు నేర్పు.

1978లో బృందమున పెద్ద చీలిక వచ్చినది. పామాలివ్ విడిపోయెను. మనస్తత్వములు కలియలేదు; బృందము పోవుచున్న దారి ఆమెకు నచ్చలేదు. అటుపిమ్మట ఆమె రెయిన్‌కోట్స్ అను మరియొక స్త్రీల బృందమున వాయించి, దానినిగూడ విడిచిపెట్టెను. పాటలు పెక్కింటిని వ్రాసిన దామె కావున, ఆమె పోయినను ఆమె పాటలు మిగిలినవి. 'అడ్వెంచర్స్ క్లోజ్ టు హోమ్' అను ఆమె పాట 1979లోనే స్లిట్స్ ఆల్బములోను, రెయిన్‌కోట్స్ ఆల్బములోను, రెండు తీరులుగా వెలువడుట ఆ చీలికకు మిగిలిన గుర్తు. ఆమె స్థానమున రికార్డింగునకు డ్రమ్ములు వాయించినవాడు బడ్జీ అను యువకుడు. కనుక స్త్రీల ఆల్బములలో అగ్రగణ్యమని పేరొందిన 'కట్'లో డ్రమ్ములు పురుషునివి. ఇది దాచవలసిన సంగతి కాదు. అతడు పామాలివ్ ఏర్పరచిన నడకలను ఆధారముగా గైకొని, వాటిని కుదురుపరచి, తన గొప్పను చాటుకొనకుండ వాయించెను.

1979లో ఐలండ్ కంపెనీ వీరితో ఒడంబడిక చేసికొన్నది. బాబ్ మార్లే రికార్డులను లోకమునకు అందించిన కంపెనీ అదియే. నిర్మాతగా డెనిస్ బోవెల్ కుదిరెను. ఇతడు 1953లో బార్బడోస్ దీవిలో పుట్టి, బాల్యముననే లండను వచ్చి, మటుంబీ అను రెగే బృందమును నడపినవాడు. కవి లింటన్ క్వేసీ జాన్సన్ రికార్డులకు సంగీతము కూర్చినవాడు. సర్రే జిల్లాలో రిడ్జ్ ఫార్మ్ అను పాత వ్యవసాయక్షేత్రము రికార్డింగు స్టూడియోగా మార్చబడియుండెను. పొలముల నడుమ, గులాబీల నడుమ, ఈ ముగ్గురు ఆడపిల్లలు, ఆ ఇరువురు మగవారు చేరి పనికి పూనుకొనిరి.

బోవెల్ ఎదుర్కొనిన చిక్కు భావములు లేకుండుట కాదు, మితిమీరి యుండుట. ఒక్కొక్క పాటలో నాలుగు పాటలకు సరిపడు ఊహలు. అతడు డబ్ అను పద్ధతిలో ఆరితేరినవాడు. ధ్వనిముద్రిత మైన పాటనుండి ఒక వాద్యమును తీసివేసి, ఇంకొకదానిని ప్రతిధ్వనిలో ముంచి, గొంతును రెండు మాటలకు వినిపించి మాయము చేసి, మిగిలిన ఎముకలగూటితో క్రొత్త రచన చేయుట డబ్. శిల్పి రాతిలో అక్కరలేనిది చెక్కివేసినట్లు, ఇతడు ఆ పాటలలోని గందరగోళమును తొలచి, సందులు కల్పించెను. ఆ సందులలో బేస్ గిటారు నడచినది. వివ్ గిటారు గాజుపెంకులవలె గలగలలాడినది. ఆరీ గొంతు ఆ మంద్రముమీద నిలిచి ఎగిరినది.

'న్యూటౌన్' అను పాటను ఉదాహరణగా తీసికొనవచ్చును. యుద్ధానంతరము ఇంగ్లండులో ప్రభుత్వము కట్టించిన క్రొత్త పట్టణములలోని జీవనము దాని వస్తువు. ఒకడు మత్తుమందునకు దాసుడు. ఇంకొకడు టెలివిజనుకు దాసుడు. ఇరువురికిని భేదము లేదు. ఆ పాటలో తాళముగా వినబడునవి అగ్గిపుల్ల గీచిన చప్పుడును, చెంచా జారిపడిన చప్పుడును. మత్తుమందును కాచుకొనువారి సామగ్రి అదియే. నీతి యొక్కటియు చెప్పకుండ, చెంచా చప్పుడుతో ఆ ఇంటిలోని దైన్యమును కన్నులకు కట్టించుట సామాన్యమైన రచన కాదు. వాయించుట రానివారని వీరిని వెక్కిరించిన వారెవరును ఈ పాటను శ్రద్ధగా విని యుండరు.

తక్కిన పాటలును ఇట్లే చిన్న చిన్న వస్తువులను పట్టుకొన్నవి. దుకాణములో తినుబండారములు దొంగిలించి పరుగెత్తు ఆడపిల్లలు ఒకదానిలో. ఒంటరితనమును పోగొట్టుకొనుటకు అక్కరలేని వస్తువులు కొనుచు తిరుగు మనిషి ఇంకొకదానిలో. ప్రేమ పేరుతో ఒకరినొకరు కట్టివేసికొను జంటపై ఎగతాళి మరియొకదానిలో. ఈ చివరి దాని పేరు 'లవ్ ఉండ్ రొమాన్స్'. నడుమనున్న 'ఉండ్' ఇంగ్లీషుమాట కాదు, జర్మను. లండను వీధి పలుకుబడిలోను, జమైకా యాసలోను పాడుచున్న పిల్ల నోట తల్లిభాష అట్లు ఒక్క సముచ్చయముగా తొంగిచూచినది.

'టిపికల్ గర్ల్స్' ఆ ఆల్బమునకు పట్టుకొమ్మ. సాధారణపు ఆడపిల్లలనగా ఎట్లుందురని లోకము చెప్పునో ఆ జాబితాను ముద్దుముద్దుగా, పిల్లల ఆటపాటవలె వల్లించి, ఈ సాధారణపు పిల్లను కల్పించిన దెవరని చివర అడుగు పాట అది. వేగము మారును, పియానో మధ్యలో తడబడినట్లు నటించును, పాట ఆగి మరల లేచును. కంపెనీ వారు ఇంకొకరి ప్రసిద్ధ గీతమును వీరిచే పాడించి, దానినే ముందుపెట్టి అమ్మదలచిరి. బృందము పట్టుబట్టి 'టిపికల్ గర్ల్స్'నే ముందునకు తెచ్చినది. ఆ పాట బ్రిటిషు పట్టికలో 60వ స్థానమును మించి పైకి పోలేదు. ఆల్బము 30వ స్థానము వరకు ఎగబ్రాకెను. పది పాటలు, అరగంటకు కొంచెము పైన. వ్యాపారదృష్టితో చూచిన అది విజయమును కాదు, అపజయమును కాదు.

ఇక ఆ అట్టబొమ్మ. దానిని తీసినది పెన్నీ స్మిత్ అను స్త్రీ. ఆ సంవత్సరమే వెలువడిన క్లాష్ వారి 'లండన్ కాలింగ్' ఆల్బము అట్టపై చిత్రమును ఆమెయే తీసినది. స్టూడియో ఆవరణలోనే బురద పూసికొని నిలిచిరి. ఆడుదాని దేహమును చూపి సరకు అమ్ముకొనుట అనాదిగా ఉన్న వ్యాపారమే గదా, వీరును అదియే చేసిరని కొందరు స్త్రీవాదులు సైతము నిందించిరి. ఈ నింద తేలికగా త్రోసివేయదగినది కాదు. ఆ కాలమున ఆరీ మైనరు అను సంగతి నేటి పాఠకుని మరింత కలవరపెట్టును. కాని ఆ బొమ్మను ఎదుట పెట్టుకొని చూచినచో, అది మోహపెట్టుటకు తీసినది కాదని తెలియును. గులాబీల యింటిముందు నిలువవలసిన ముద్దరాండ్ర స్థానమున యుద్ధమునకు సిద్ధమైనవారు నిలిచిరి. పొరపాటంతయు బొమ్మలో లేదు. బొమ్మను చూచి, రికార్డు వినకుండ తీర్పు చెప్పినవారిలో నున్నది.

ఆ సంవత్సరమే ఇంటిలోను ఒక మార్పు జరిగినది. నోరా, సెక్స్ పిస్టల్స్ బృందపు మాజీ గాయకుడు జాన్ లిడన్‌ను వివాహమాడినది. కూతునకు సవతితండ్రియైనవాడు ఆమెకంటె ఆరేండ్లు మాత్రమే పెద్ద.

బృందము అటుపిమ్మట ఎక్కువకాలము నిలువలేదు. ఆరీ ఏడ్రియన్ షెర్‌వుడ్ కూర్చిన న్యూ ఏజ్ స్టెప్పర్స్ అను గోష్ఠిలోను పాడెను. జాజ్ విద్వాంసుడు డాన్ చెర్రీతో పర్యటించుట, ఆయన ఇంట పెరిగిన నేనే చెర్రీ వీరితో చేరుట ఈ కాలపు సంగతులే. 1981లో సీ.బీ.ఎస్. కంపెనీ ద్వారా రెండవ ఆల్బము 'రిటర్న్ ఆఫ్ ది జయంట్ స్లిట్స్' వెలువడినది. అందు ఆఫ్రికా లయలు, భూమిని పాడుచేయు నాగరకతపై ఆవేదన. లోతులో మొదటిదానికి తీసిపోనిదే. కాని వినువారు తగ్గిరి. 1980వ దశకపు తళుకుబెళుకుల పాటలు అప్పటికే ముందునకు వచ్చినవి. 1982 తొలిదినములలో బృందము విచ్ఛిన్నమయ్యెను. ఆరీకి అప్పుడు ఇరువదేండ్లు. చాలమంది గాయకులు ఆరంభించు వయస్సున ఆమె మొదటి జీవితము ముగిసినది.

తరువాతి ఇరువది సంవత్సరములు ఆమెను ఇంగ్లండు మరచినది. ఆమెయు ఇంగ్లండును మరచినదనవచ్చును. కవలపిల్లలకు తల్లియై, భర్తతోను బిడ్డలతోను బోర్నియో అడవులకు పోయి, అక్కడి ఆదిమజాతులవారి నడుమ నివసించెను. మధ్య అమెరికాలోని బెలీజ్ అరణ్యప్రాంతమునను కొంతకాలము ఉండెను. చివరకు జమైకా చేరి కింగ్‌స్టన్‌లో స్థిరపడెను. మూడవ కుమారుడు కలిగెను. అక్కడి నృత్యశాలలలో మెడూసా అను పేరుతో ఆడి పాడినది. మోకాళ్ల వరకు వ్రేలాడు జడలు, ఆ దేశపు యాస, ఆ దేశపు ఆట. పుట్టుకతో జర్మను, పెంపకముతో లండను పౌరురాలు అయిన తెల్లనామె పరుల యాసను తనదిగా చేసికొనుట కృత్రిమమని ఆక్షేపించినవారు ఉన్నారు. ఆక్షేపణలో కొంత న్యాయమున్నది. అయితే సెలవులకు పోయి యాస తెచ్చుకొన్న విలాసిని కాదామె. సంవత్సరములకొలది ఆ బస్తీలలో బ్రదికి, కష్టమును సుఖమును అక్కడివారితో పంచుకొన్నది.

కట్టుబాట్లను ఒల్లని ఆ బ్రదుకు బిడ్డలమీద భారముగా పడినదనియు చెప్పక తప్పదు. కవలలకు క్రమమైన చదువు లేకపోయెను. 2000 ప్రాంతమున అమ్మమ్మ నోరాయు, లిడన్‌ను వారిని తమ సంరక్షణలోనికి తీసికొని పెంచిరి. ఒకనాడు ఇంటిలో ఏ అదుపును లేకుండ పెరిగిన కూతును చూచిన తల్లియే, మనుమలను అదుపులో పెట్టవలసివచ్చుట విచిత్రము. ఆరీ జీవితమును కథగా చెప్పువారు ఈ ఘట్టమును దాటవేయుట కలదు. స్వేచ్ఛ యనునది ఆమెకు పాటలో వరమైనది. గృహములో దాని లెక్క వేరు.

ఇంతలో ఆ పాత ఆల్బము తన దారిన తాను ప్రయాణము చేయుచుండెను. 1990వ దశకమున అమెరికాలో రయట్ గర్ల్ అను పేర యువతుల బృందములు లేచినవి. ఆడపిల్ల తన కోపమును, తన హాస్యమును, తన మోటుదనమును దాచుకొనకుండ వేదిక ఎక్కవచ్చునని వారికి దారి చూపినవారిలో స్లిట్స్ ముఖ్యులు. పంక్‌ను రెగేతో కలిపినవారు ఇతరులును కలరు. క్లాష్ వారే ఆ పని చేసిరి. కాని వారు రెగే పాటను రాక్ బలముతో పాడిరి. స్లిట్స్ మాత్రము రెగేలోని ఖాళీని గ్రహించి, దానిలో తమ ఆటస్థలమును కట్టుకొనిరి. ఈ భేదము తెలియుటకు లోకమునకు పదునైదు ఇరువది సంవత్సరములు పట్టినది. 2020లో అమెరికా పత్రిక రోలింగ్ స్టోన్ సర్వకాల శ్రేష్ఠములని ఎంచిన 500 ఆల్బముల పట్టికలో 'కట్' చోటు చేసికొన్నది. వెలువడిననాడు దానిని వింతవస్తువుగా చూచినవారి బిడ్డలు దానిని పాఠముగా విన్నారు.

2005లో ఆరీ తన పేరుతో 'డ్రెడ్ మోర్ డాన్ డెడ్' అను ఆల్బము వెలువరించెను. ఆ ప్రాంతముననే టెస్సాతో కలిసి స్లిట్స్‌ను పునరుద్ధరించెను. వివ్ ఆ బృందములో నిలువలేదు. క్రొత్తగా చేరినవారు చాలవరకు వీరి బిడ్డల వయస్సువారు. వారిలో ఒకరు సెక్స్ పిస్టల్స్ డ్రమ్మరు పాల్ కుక్ కుమార్తె హాలీ కుక్. 2009లో 'ట్రాప్డ్ యానిమల్' అను మూడవ ఆల్బము వచ్చినది. వేదికపై ఆరీ అప్పటికిని పదునాలుగేండ్ల పిల్లవలెనే గంతులు వేయుచు, వాద్యకారులను అదలించుచు, శ్రోతలతో పోట్లాడుచు ఉండెడిది. ఆమెతో పనిచేయుట సులభము కాదు. ఆమె లేనిచో ఆ బృందమే లేదు.

అప్పటికే ఆమెను క్యాన్సరు వ్యాధి పట్టుకొన్నది. ఆ సంగతి బయట ఎక్కువగా చెప్పుకొనలేదు. పాటలను, ప్రయాణములను మానుకొనలేదు. 2010వ సంవత్సరము అక్టోబరు 20వ తేదీన అమెరికాలోని లాస్ ఏంజిలిస్ నగరమున కన్నుమూసెను. వయస్సు నలుబదియెనిమిదేండ్లు. మరణవార్తను లోకమునకు తెలిపినది తల్లియు, లిడన్‌ను. కూతు పోయిన పండ్రెండేండ్లకు పైగా జీవించి, నోరా 2023 ఏప్రిలులో మరణించెను.

చివరి ఆల్బములోని 'లేజీ స్లామ్' అను పాటకు తీసిన చిత్రము, ఆమె కోరిక ననుసరించి, ఆమె మరణానంతరము విడుదలయ్యెను. వివ్ ఆల్బర్టీన్ 2014లో తన స్వీయచరిత్ర ప్రకటించి, ఆ దినముల భయములను ఆనందములను దాచక వ్రాసినది. 2017లో ఈ బృందముపై ఒక చలనచిత్రము వచ్చినది. అందులో టెస్సా, తాను పదిలపరచుకొన్న లావుపాటి పుస్తకమును ముందు పెట్టుకొని, అతికించిన పత్రికల కత్తిరింపులను, కచేరీ కాగితములను ఒక్కొక్క పుటయే త్రిప్పుచు చూపును. ఆ పుటలలో ఒకదానివెంట ఒకటి, చింపిరిజుట్టుతో, నోరు తెరచి కేక వేయుచున్న పదునైదేండ్ల ఆరీ కనబడుచుండును.